సరిపోయిన రక్తం

“వారంలో రక్తం మారిపోతుందా?”

అత్తగారు ఆ మాట అడగడం పొద్దుట్నుంచి ఇది మూడోసారి. మొదటిసారి పెద్దకొడుకుని అడిగింది. రెండోసారి గోడనడిగింది. ఈసారి తిన్నగా పెద్దకోడలి మొహంలోకి చూసి అడిగింది.

డాక్టరైన ఆ కోడలు చేతిలో కప్పు బల్లమీద పెట్టింది. అత్తగారి కప్పు కూడా అక్కడే ఉంది, చల్లారి మీగడ కట్టి. కోడలు కలిపిన కాఫీ ఆవిడ ముట్టకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

“మారదు అత్తయ్యా.”

“మరి పోయిన వారం సరిపోయిందని చెప్పింది మీ ఆస్పత్రివాళ్లే కదా? అక్క రక్తం తమ్ముడికి అచ్చు గుద్దినట్టు కలిసిందని నువ్వే కదా ఫోన్ చేసి చెప్పావు? ఆ పూట వీధిలో కనపడ్డ వాళ్లందరినీ ఆపి మరీ చెప్పాను. ఇవాళేమో పనికిరాదంటున్నారు. మధ్యలో ఏం ముంచుకొచ్చింది?”

“కలవడం వేరు, ఇవ్వడానికి వీలుండటం వేరు. దాతల్ని చూడటానికి వేరే డాక్టరు ఉన్నారు. ఆవిడ అన్నీ చూసి వీలుపడదన్నారు.”

“ఎందుకు పడదో?”

“కారణం చెప్పరు. అది పద్ధతి.”

“ఎవరు పెట్టారమ్మా ఆ పద్ధతి? వాళ్లకి పిల్లలు లేరా?”

డాక్టరు చల్లారిన కప్పు పక్కకి జరిపింది. ఆ పద్ధతి పెట్టింది తనే.

వంటింట్లోంచి కత్తిపీట చప్పుడు వినిపిస్తోంది. ఆడపడుచు కూరలు తరుగుతోంది. ఆ ఇంట్లో ఉన్న నలుగురికీ సరిపడా ఎప్పుడో తరిగేసింది. ఇంకా తరుగుతూనే ఉంది.

ఆవిడని ఇంటిల్లిపాదీ ‘మేస్త్రీ’ అంటారు. చిన్నప్పుడే అన్నదమ్ములిద్దరి చేతా పనులు చేయించి తను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేదిట. పేరు పెట్టింది తమ్ముడు. ఇప్పుడు ఆ తమ్ముడే ఆస్పత్రిలో ఒంటరి గదిలో ఉన్నాడు. రక్తంలో క్యాన్సర్. ఒకసారి మందులకి లొంగింది, ఏడాది తిరక్కుండా మళ్ళీ తలెత్తింది. మళ్ళీ అణిచారు. ఈసారి అణిగి ఉన్నప్పుడే ఎవరిదైనా మూలుగ తెచ్చి ఎక్కించాలి. పెద్దన్నయ్యది ఏ మాత్రం కలవలేదు. అక్కది పూర్తిగా కలిసింది.

మామూలు రోజుల్లో అయితే ఈపాటికి మేస్త్రీ గొంతు వీధి చివరిదాకా వినపడేది. ఎవరెప్పుడు ఆస్పత్రికి వెళ్ళాలో, ఎవరు క్యారేజీ పట్టుకెళ్ళాలో, తల్లి ఏ చెప్పులు వేసుకోవాలో కూడా ఆవిడే చెప్పేది. మొన్నట్నుంచి ఆవిడ నోట్లో నాలుక లేనట్టే ఉంది.

“దాన్ని అడిగితే అదీ చెప్పదు,” అంది అత్తగారు వంటింటి వైపు చూస్తూ. “నిన్నడిగితే పద్ధతంటావు. ఇంట్లో రక్తం డాక్టరు ఉందని ఊరంతా నా అదృష్టం పొగుడుతారు. ఏం లాభం? బయటివాళ్లకి చెప్పినంత కూడా నాకు చెప్పవు.”

కత్తిపీట చప్పుడు ఆగింది.

“అమ్మా, వదిన్నేమీ అనకు,” అని లోపలినుంచి వినిపించింది. అంతే. మళ్ళీ చప్పుడు మొదలైంది.

---

ఆస్పత్రికి బయల్దేరుతూ బట్టలు మార్చుకుంటుంటే భర్త వచ్చి గది తలుపు దగ్గరగా వేశాడు. ఆయన సర్వేయరు. ఎండలో తిరిగి తిరిగి మెడదాకా నల్లబడి, చొక్కా విప్పితే ఇద్దరు మనుషుల్లా కనిపిస్తాడు.

“నాకైనా చెప్పు.”

“మీక్కూడా చెప్పకూడదు.”

“నేను దాని అన్నయ్యని. వాడికీ అన్నయ్యనే.”

“అందుకే చెప్పకూడదు.”

ఆయన కుర్చీ వెనకభాగం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. “నేను కొలిచే నేలకి ఎక్కడో ఒకచోట హద్దు రాయి ఉంటుంది. నీ దగ్గర ఆస్పత్రి ఎక్కడ ఆగుతుందో, ఇల్లు ఎక్కడ మొదలవుతుందో ఇన్నేళ్లయినా నాకు అంతు పట్టలేదు.”

అరిచి ఉంటే ఆవిడా అరిచేది. ఆయన మెల్లగా అన్నాడు.

తనకి మాత్రం అంతు పట్టిందా? మరిది మొదటిసారి ‘ఊరికే నీరసంగా ఉంటోంది వదినా’ అన్నప్పుడు, కింద కనురెప్ప లాగి చూసిన ఆ క్షణంలో తను డాక్టరా, వదినా? పెళ్లయి ఈ ఇంటికి వచ్చేనాటికి వాడు నిక్కర్లలో ఉన్నాడు. తను పరీక్షలకి చదువుకుంటుంటే పక్కన కూర్చుని, పుస్తకంలో రక్తకణాల బొమ్మలకి కళ్ళూ మీసాలూ గీసేవాడు. ఆ మీసాలున్న కణాలే తనకి తేలిగ్గా గుర్తుండేవి.

అసలు ఈ రక్తం చదువులోకి వచ్చింది అంతకు ముందే, ఒక చుక్క వల్ల. వైద్య కళాశాలలో మైక్రోస్కోపు కింద ఒక చుక్క రక్తం చూడమన్నారు. అందరూ చూసి జరిగిపోయారు. తను జరగలేదు. వెనకున్నవాళ్లు విసుక్కున్నారు. గులాబి రంగు కణాల మధ్య ఊదారంగు బొట్టుతో ఒక తెల్లకణం, తప్పిపోయిన పిల్లాడిని వెతుక్కుంటున్నట్టు ఒంటరిగా కనిపించింది. ఒక బొట్టులో ఇంత కథ ఉంటే మనిషి మొత్తంలో ఎంతుంటుందో అనుకుంది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ కథే చదువుతోంది.

ఆ పద్ధతి మాత్రం పుస్తకాల్లోంచి రాలేదు. కొత్తగా చేరిన రోజుల్లో ఒక పెద్ద డాక్టరు, ఒక పాప తండ్రితో వరండాలోనే అనేశాడు, ‘మీ పెద్దవాడు ఇవ్వనంటున్నాడండీ’ అని. ఆ తండ్రి అక్కడికక్కడే కొడుకు చొక్కా పట్టుకున్నాడు. చివరికి ఆ కుర్రాడు ఇచ్చాడు. పాప బతికింది. ఏళ్ల తర్వాత ఆ పాప పెద్దదై పరీక్షకి వచ్చినప్పుడు ‘మీ అన్నయ్య బాగున్నాడా?’ అని అడిగితే, ‘ఇల్లొదిలి పోయాడు, మాకు కనపడట్లేదు డాక్టర్’ అంది. తన చేతికి విభాగం వచ్చిన రోజే డాక్టరు ఆ పద్ధతి పెట్టింది. దాత వద్దంటే ఇంటివాళ్లకి ‘వీలుపడదు’ అన్న ఒక్క ముక్కే వెళ్ళాలి. ఎవరు, ఎందుకు, ఏమిటి, ఏమీ వెళ్ళకూడదు.

అది తన గుమ్మంలోకే వచ్చి నిలబడుతుందని అప్పుడు అనుకోలేదు.

---

మొన్న మధ్యాహ్నం ఆస్పత్రి వెనక మెట్ల దగ్గర మేస్త్రీ తన కోసం కాచుకుని ఉంది. ఎప్పుడూ చెదరని ముడి ఊడిపోయి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

“వదినా, లోపల ఆ డాక్టరమ్మకి చెప్పేశాను. నావల్ల కాదని.”

డాక్టరు మెట్టుమీద పక్కన కూర్చుంది.

“నువ్వు తిట్టు. ఏదో ఒకటను.”

“అనను.”

“తమ్ముడంటే ప్రాణం లేక కాదు వదినా. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆపరేషన్ చేశారు గుర్తుందా? మత్తు సరిగ్గా ఎక్కలేదు. కళ్ళు మూతపడిపోయాయి, నోరు పడిపోయింది, చేతులు కట్టేసి ఉన్నాయి. కోస్తున్నది మాత్రం తెలుస్తూనే ఉంది. వాళ్ళు ఏవో కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను అరుస్తున్నాను. ఎవరికీ వినపడలేదు.” కొంగు వేళ్ళకి చుట్టుకుంది. “ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. అందరూ పాపని చూసి సంబరపడుతుంటే ఏమని చెప్పను?”

“దీనికి మత్తు అక్కర్లేదు,” అనబోయి డాక్టరు ఆగింది. ఆ సంగతి లోపల చెప్పే ఉంటారు. మూలుగ కణాలు రక్తంలోకి దిగడానికి కొన్నాళ్లు ఇంజక్షన్లు, తర్వాత రెండు చేతులకీ సూదులు, ఆ కణాల్ని వడకట్టే ఒక యంత్రం, కదలకుండా కొన్ని గంటలు.

“డాక్టరమ్మ మూలుగ తీసే కుర్చీ బొమ్మ చూపించింది. రెండు చేతులూ కదపకూడదంది. అంతే, వదినా. ఆ గదిలో గాలి అయిపోయింది నాకు.” కొంగుతో మొహం తుడుచుకుంది. “ఇంట్లో చెప్పకు. వాళ్ళు ‘ఇంతేనా’ అంటారు. ఆ మాట నేను తట్టుకోలేను.”

“చెప్పను.”

“ఒట్టు?”

“ఒట్టెందుకు మేస్త్రీ? చెప్పనంటే చెప్పను.”

---

ఇవాళ ఒంటరి గది బయట చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని లోపలికి వెళ్ళేసరికి మరిది కిటికీలోంచి కింద రోడ్డు చూస్తున్నాడు. జుట్టు లేని తల మీద అమ్మ అల్లిన టోపీ. వాడు డ్రైవింగ్ నేర్పే మాస్టరు. ఊళ్ళో సగం మందికి బండి తోలడం నేర్పింది వాడే, మిగతా సగం మంది వాళ్ళని చూసి దడుచుకునేవాళ్ళు.

“వదినా, ఆ ఎర్ర కారు చూడు. నా శిష్యుడే అయి ఉంటాడు. మలుపు తిరిగాక గుర్తొచ్చి లైటు వేశాడు.”

“జ్వరం ఉందా?”

“లేదు. నర్సమ్మ ఇప్పుడే చూసింది. నువ్వు డాక్టరుగా వస్తే ఆ కుర్రాయన్ని పంపు. వదినగా వస్తే కూర్చో.”

ఆవిడ కూర్చుంది. కుర్రాయనంటే వాడికి వైద్యం చేస్తున్న డాక్టరు. సొంత మనిషికి తను వైద్యం చేయకూడదు కాబట్టి కేసు అతనికి అప్పగించింది. ఒకప్పుడు ఆవిడ దగ్గర పాఠం చెప్పించుకున్నవాడే.

“శిష్యుల కారులో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా,” అన్నాడు మరిది. “వాడు తొక్కకపోతే నేను తొక్కుతాను. అందుకే ఎప్పుడూ భయపడలేదు. ఈ జబ్బులో మాత్రం బ్రేకులన్నీ మీ వైపే ఉన్నాయి. నా కాళ్ళ దగ్గర ఖాళీ.”

ఆవిడ వాడి దుప్పటి అంచు సరిచేసింది. చేయడానికి ఇంకేం తోచలేదు.

“అక్కకి ఇష్టం లేదు కదా?”

దుప్పటి మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

“నువ్వు చెప్పకులే. నీ మొహం కూడా చెప్పట్లేదు, మెచ్చుకోవాలి.” నవ్వాడు, కానీ దగ్గొచ్చింది. ఆగాక మెల్లగా అన్నాడు. “దానికి నేను కారు నేర్పుదామనుకున్నాను తెలుసా? బెల్టు పెట్టుకోగానే మొహం తెల్లబడిపోయింది. తలుపు తీసుకుని దిగిపోయింది. అడిగితే పని గుర్తొచ్చిందంది. అంత పెద్ద మేస్త్రీ, ఇంటిదాకా నడుచుకుంటూ పోయింది. అప్పుడు నవ్వాను వదినా. మొన్న ఆ యంత్రం ఎలా ఉంటుందో కుర్రాయన చెప్తుంటే గుర్తొచ్చింది. అప్పుడు నవ్వు రాలేదు.”

“నువ్వు ఊరికే ఏవేవో ఊహించుకోకు.”

“సరే, ఊహించుకోను. ఒకటి మాత్రం చెయ్యి. ఇంట్లో ఎవరూ దాన్ని పీడించకుండా చూడు. నేను బతికి, అది జీవితాంతం నన్ను చూసి మొహం తిప్పుకుంటే ఆ బతుకు నాకేం బాగుంటుంది?” టోపీ సర్దుకుని, “మీ సగం సగం వైద్యం ఉంది కదా. అదేదో చేయండి,” అన్నాడు.

సగం సగం వైద్యం. వాడు పెట్టిన పేరే. పూర్తిగా కలిసే మనిషి దొరకనప్పుడు, సగమే కలిసే తల్లిదో తండ్రిదో మూలుగ ఎక్కించడం. ఇన్నేళ్లుగా డాక్టరు చేస్తున్న పరిశోధన అదే. ఏ మందు ఎంత ఇవ్వాలి, ఎప్పుడివ్వాలి, ఎవరికి నప్పుతుంది, ఎవరికి నప్పదు. ఎంతమంది తల్లులకి ధైర్యం చెప్పిందో లెక్కలేదు. ఆ ధైర్యం ఇప్పుడు తన కోసం వెతికితే దొరకలేదు.

---

ఆ మధ్యాహ్నం కుర్ర డాక్టరు అందరినీ పిలిచాడు. అత్తగారు, భర్త, తను. తను అలవాటుగా బల్లకి అవతలివైపు వెళ్ళబోయి, ఆగి, వచ్చి ఇవతల కూర్చుంది. ఆ గదిలో ఇవతలి కుర్చీలు అంత ఎత్తు తక్కువని ఆవిడకి ఇన్నాళ్లూ తెలియదు.

కుర్రాయన గొంతు సవరించుకున్నాడు. “మేడం, మీ ముందు నేను చెప్పడం...”

“నేను ఇప్పుడు పేషెంటు తాలూకు మనిషిని. అందరికీ చెప్పినట్టే చెప్పు.”

అతను అత్తగారి వైపు తిరిగాడు. “అమ్మా, సగం కలిసిన కణాల్ని ఎక్కిస్తే ఏమవుతుందంటే, అవి కొత్తల్లుడి లాంటివి. ఇంట్లో అడుగుపెట్టగానే అన్నిటికీ అలుగుతాయి. చర్మం మీద, కడుపు మీద, లివరు మీద పోట్లాటకి దిగుతాయి. కొన్నాళ్లకి ఒక మందిచ్చి మరీ కోపిష్టివాటిని బయటికి పంపిస్తాం. నెమ్మదస్తులు మిగులుతారు. వాళ్ళు ఇంట్లో కలిసిపోతారు.”

ఈ ఉపమానం డాక్టరుదే. ఎన్నోసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు ఎంతోకొంత నవ్వేవాళ్ళు. తనకిప్పుడు నవ్వు రాలేదు. ఆ నవ్విన వాళ్ళంతా మొహమాటానికి నవ్వారేమో అనిపించింది.

“కలిసిపోకపోతే?” అడిగింది అత్తగారు.

“కలిసిపోని వాళ్ళూ ఉంటారమ్మా. అబద్ధం చెప్పను.”

“ఈ వైద్యం కనిపెట్టింది ఎవరు నాయనా?”

“ప్రపంచంలో చాలామంది కలిసి కనిపెట్టారు. మా ఆస్పత్రిలో మొదలుపెట్టింది మేడం గారు.”

అత్తగారు కోడలి వైపు చూసింది. అది పొద్దుటి చూపు కాదు. కోపం లేదు. ఎక్కడో తప్పిపోయిన మనిషి దారి అడగబోతున్నట్టు ఉంది.

“నీ కొడుకైతే చేయిస్తావా?”

“వాడు నాకు కొడుకు లాంటివాడే అత్తయ్యా.”

“అది కాదు నేనడిగింది.”

“చేయిస్తాను. భయపడుతూ చేయిస్తాను.”

అత్తగారు తల ఊపింది. తర్వాత కుర్రాయనతో, “అయితే నాది తీసుకోండి. మొదటిసారి వాడికి రక్తం పోసింది నేనే కదా. ఇంకోసారి పోస్తాను,” అంది.

భర్త తల దించుకున్నాడు. కుర్రాయన పరీక్షల సంగతి చెప్పాడు. ఆవిడ వయసు ఎక్కువే, గుండె చూడాలి, కణాలు సరిపడా వస్తాయో లేదో చూడాలి. సంతకాలంటూ ఇంకా ఏవో చెప్పి, పెద్దకొడుకుని వెంటబెట్టుకుని బయటికి వెళ్ళాడు.

గదిలో అత్తాకోడళ్లు మిగిలారు.

అత్తగారు ఒళ్ళో ఉన్న సంచీ పిడిని మెలితిప్పుతూ కూర్చుంది. బయట ఎవరో తోపుడు బల్ల తోసుకుపోతున్నారు. ఆ చక్రాల చప్పుడు దూరమయ్యేదాకా ఆవిడ ఆగింది.

“అమ్మాయ్, ఒక్కటడుగుతాను. పొద్దున్న నిన్ను అనరాని మాటలన్నాను. మనసులో పెట్టుకోకు.”

“నేనేమీ అనుకోలేదు.”

“దానికి కూడా ఇదే జబ్బు ఉందా?”

డాక్టరుకి వెంటనే అర్థం కాలేదు.

“మేస్త్రీకి,” అంది అత్తగారు. “పరీక్షలన్నీ చేశారు. అప్పుడే ఏదో కనపడింది కదా? అందుకే పనికిరాదన్నారు. అందుకే అది అన్నం తినట్లేదు, మాట్లాడట్లేదు. ఒకడు ఇక్కడ ఉన్నాడు కాబట్టి దానిది నాకు చెప్పకుండా దాస్తున్నారు. నేనెప్పుడో గ్రహించాను. పొద్దుట్నుంచి రక్తం మారిపోతుందా అని అరుస్తున్నది అందుకే. నువ్వు కోప్పడి నిజం చెప్పేస్తావని.” ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది. “ఇద్దర్నీ పోగొట్టుకోవాలా నేను? చెప్పు తల్లీ. ఎంతకాలం ఉంటుంది అది?”

“అయ్యో, అదేం మాట అత్తయ్యా! మేస్త్రీ నిక్షేపంలా ఉంది. దానికే జబ్బూ లేదు.”

మాట బయటికి వచ్చేసింది.

అత్తగారి మొహంలో రక్తం తిరిగి రావడం డాక్టరు కళ్ళారా చూసింది. ఆ తర్వాత, ఆ మొహంలోనే, ఇంకొకటి మెల్లగా తెల్లవారడం కూడా చూసింది.

“నిక్షేపంలా ఉందా?”

డాక్టరు చూపు నేలమీదికి దించుకుంది.

“జబ్బు లేదు. రక్తం కలిసింది. అయినా...” అత్తగారు పట్టుకున్న చెయ్యి వదిలేసింది. “అంటే అదే వద్దందా?”

“నేను ఆ మాట అనలేదు.”

“నువ్వు అనలేదులే. నాకు వినపడింది.”

గుమ్మం దగ్గర అలికిడైంది. మేస్త్రీ క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపట్నుంచి ఉందో. తల్లి మొహం చూసింది, వదిన మొహం చూసింది. వేరే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

“చెప్పావా వదినా?”

“చెప్పలేదు. కానీ నా నోటినుంచే తెలిసింది.”

“నిన్ను నమ్మాను.”

“తెలుసు.”

“చెప్పనంటే చెప్పనన్నావు. ఒట్టు కూడా అక్కర్లేదన్నావు. పెద్ద డాక్టరువి! ఊరందరి గుట్టూ కడుపులో పెట్టుకుంటావు. నాదొక్కటి పట్టలేదా అందులో?” క్యారేజీ బల్లమీద కుదేసింది. మూత ఎగిరి కింద పడింది. రెండురోజుల తర్వాత ఆ గొంతు మళ్ళీ మేస్త్రీ గొంతులా ఉంది. “ఇక అను అమ్మా. నువ్వు కూడా అను. తమ్ముడు చచ్చిపోతుంటే చిన్న సూదికి దడిసిందని అను. అందరికీ చెప్పు!”

అత్తగారు లేచింది. డాక్టరుకి వరండాలో కొడుకు చొక్కా పట్టుకున్న ఆ తండ్రే కళ్ళ ముందు మెదిలాడు. మధ్యకి వెళ్ళాలని అడుగు కూడా వేసింది.

అత్తగారు కూతురి దగ్గరికి వెళ్ళింది. వంగి కింద పడ్డ మూత తీసి బల్లమీద పెట్టింది.

“నువ్వు సూదికి దడిసే మనిషివి కాదు. చిన్నప్పుడు కాల్లో మేకు దిగితే నువ్వే పీక్కుని, నాకు రాత్రి చెప్పావు. ఏమైంది నీకు?”

మేస్త్రీ నోరు తెరిచింది. తిట్లకి సిద్ధపడి వచ్చిన మనిషి. ఈ ప్రశ్నకి సిద్ధంగా లేదు. గోడకి ఆనుకుని, అలాగే జారి, కింద చతికిలబడింది.

చెప్పింది. మొదట ముక్కలు ముక్కలుగా, తర్వాత ఆపకుండా. కట్టిన చేతులు, మూతపడ్డ కళ్ళు, వాళ్ళ కబుర్లు, తనకి తప్ప ఎవరికీ వినపడని అరుపు. అత్తగారు కూడా మోకాళ్ళ నొప్పి మరిచి నేలమీద కూర్చుంది.

“నేను ఆ తలుపు బయటే ఉన్నాను,” అంది అన్నీ విన్నాక. “పాప ఏడుపు వినపడగానే నవ్వాను. నీది వినపడలేదు తల్లీ.”

ఇంకేమీ అనలేదు. ‘ఇంతేనా’ అనలేదు. కూతురి తల తన భుజం మీదికి లాక్కుంది. డాక్టరు ఏం చేయాలో తెలియక, గది తలుపు ఎవరూ తెరవకుండా పట్టుకుని నిలబడింది.

“నాది తీసుకుంటారుట,” అంది అత్తగారు చివరికి. “నువ్వు దిగులు పెట్టుకోకు. ఇదిగో, ఈ కొత్తల్లుళ్ల వైద్యం మీ వదినదే.”

మేస్త్రీ తల ఎత్తింది. కళ్ళు తుడుచుకుని వదిన వైపు చూసింది. ఆ చూపులో కోపం ఇంకా పోలేదు.

“నీమీద ఇంకా కోపం తగ్గలేదు నాకు.”

“తగ్గక్కర్లేదు.”

“అమ్మదానికీ నాదానికీ తేడా ఎంత?”

ఆ జవాబు డాక్టరుకి తెలిసినంత బాగా ఆ ఆస్పత్రిలో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ల పని అంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే. చెబితే మేస్త్రీ మెడమీద కత్తి పెట్టినట్టవుతుంది. చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది.

“ఆ మాట మీ డాక్టరమ్మని అడుగు. నేను చెప్పకూడదు.”

“ఇందాక చెప్పకూడనిది చెప్పేశావు కదా. ఇది కూడా చెప్పు.”

డాక్టరు తలుపు దగ్గర్నుంచి వచ్చి వాళ్ల ఎదురుగా నేలమీద కూర్చుంది. “నీదైతే పదిమందిలో ఏడుగురు నిలబడతారనుకో. అత్తయ్యదైతే, ఈ వయసులో, ఆరుగురో, ఐదుగురో. నాకు తెలిసిన నిజం ఇది. దీనివల్ల నువ్వు ఇవ్వాలనీ లేదు, ఇవ్వకపోతే పాపమనీ లేదు. తల్లుల మూలుగతో లేచి తిరుగుతున్నవాళ్ళు నాకు బోలెడు మంది తెలుసు.”

“ఒకరో ఇద్దరో తేడా.”

“అవును.”

“ఆ ఒకరు మనవాడు కావచ్చు.”

“కాకపోనూ వచ్చు.”

మేస్త్రీ చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. కత్తిపీట గాట్లు వేళ్ళ మీద ఎర్రగా ఉన్నాయి. తర్వాత గోడ పట్టుకుని లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. వదులైన ముడి విప్పి మళ్ళీ బిగించి పెట్టుకుంది.

“ఆ కుర్చీ ఎక్కడుంది?”

“ఎందుకు?”

“చూస్తాను. ఇస్తానని కాదు. ఊరికే చూస్తాను. బొమ్మలో చూసి దడుచుకున్నాను, అసలుది చూడలేదు.”

“ఇవాళే చూడక్కర్లేదు మేస్త్రీ.”

“వదినా, నువ్వు వద్దంటే ఒక తంటా, రమ్మంటే ఒక తంటా. నోరు మూసుకుని దారి చూపించు.”

వరండా చివరి గది అది. మధ్యాహ్నం పని అయిపోయి ఖాళీగా ఉంది. కిటికీ పక్కన వెడల్పాటి కుర్చీ, దాని పక్కన దుప్పటి కప్పిన యంత్రం. దాతల డాక్టరమ్మ వీళ్ళని చూసి లేచి నిలబడింది. మేస్త్రీ వెనక ఉన్న ఇద్దరినీ చూసి ఏదో అడగబోయి, డాక్టరు కళ్ళతో వద్దనడంతో ఊరుకుంది.

గుమ్మం దగ్గరికి రాగానే మేస్త్రీ కాళ్ళు ఆగిపోయాయి. చెయ్యి వెనక్కి చాచింది. తల్లి చెయ్యి అందుకుంది. ఆ ఊపిరి వేగం డాక్టరుకి వెనకనుంచే వినపడుతోంది. లెక్కపెట్టడం మొదలుపెట్టి, మానేసింది.

“అమ్మాయ్, పోదాం పద,” అంది అత్తగారు.

“ఉండు.”

మేస్త్రీ లోపలున్న డాక్టరమ్మని అడిగింది. “ఈ కుర్చీలో ఉన్నప్పుడు నేను ఆపమంటే ఆపుతారా?”

“ఆపుతాం.”

“నోటితో చెప్పలేకపోతే?”

ఆ ప్రశ్న ఇదివరకు ఎవరూ అడగలేదని దాతల డాక్టరమ్మ మొహమే చెబుతోంది.

“అది మీరే చెప్పండి,” అంది చివరికి. “నోరు రాకపోతే మాకు ఎలా తెలియాలో మీరు చెప్పండి. అలాగే చేద్దాం.”

మేస్త్రీ తల్లి చెయ్యి వదిలింది.

“నువ్వు ఇక్కడే ఉండమ్మా. వదినా, నువ్వు కూడా,” అంది. వెనక్కి తిరగకుండా గుమ్మం దాటి, కుర్చీ దాకా వెళ్ళలేదు గానీ, దానికి ఇవతల ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది.

“చెప్తాను. కానీ ముందు ఆ దుప్పటి తీయండి. దాని కింద ఏముందో నేను చూడాలి.”